కుండీలకు దొరికిన చోటు

చదువవలసిన భాగము: యోనా గ్రంథము 4వ అధ్యాయము



మీలో అనేకుల ఇండ్ల వెనుక చిన్న పెరడు ఉండును. అందులో రెండు బంతి మొక్కలు, ఒక కనకాంబరపు మడి, కంచె మీద బీరపాదు, నూతి గట్టున అరటి పిలక. పల్లెలలో మన తోట ఇంతే గదా. ఈ నెల నేను మీతో గొప్ప వేదాంతమేదియు మాటలాడబోవుట లేదు. నా పెరటిలో జరిగిన సంగతి యొకటి చెప్పుదును. దాని వలన మీరు ఒక పువ్వును పెంచు విధము తెలిసికొందురు. ఆ పువ్వు మూలముగా నేనెట్లు సిగ్గుపడితినో అదియు తెలిసికొందురు. మొదటి దాని కంటె రెండవదియే మీకు ఎక్కువ ఉపయోగపడునని నా నమ్మకము.

మాది శ్రీకాకుళం జిల్లాలో పలాస దాపున ఉద్దానపు పల్లె. కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్ల నీడలో ఉన్న ఊరు. నేను బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. నా భార్య 2016లో ప్రభువు సన్నిధికి వెళ్ళెను. ఆమె మా పెరటిలో, తూర్పు గోడ వెంబడి, ఒక వరుస పసుపు చేమంతులను పెంచుచుండెడిది. ప్రతి క్రిస్మసు నాటి ఉదయమున ఆ వరుసలోని పువ్వులన్నిటిని వెదురుబుట్టలోనికి కోసి, మందిరములోని బల్ల మీద ఉంచునది. ఎవరైనను వచ్చి, “అమ్మా, ఒక పిలక ఇయ్యండి” అని అడిగినయెడల వెంటనే గునపము తీసికొని వెళ్ళునది. “మన పువ్వు అందరి ఇండ్లలోను ఉన్నప్పుడు మన పువ్వునకు విలువ యేమి?” అని నేను విసుగుకొనువాడను. ఆమె నవ్వి ఊరకుండునది. ఆ నవ్వునకు అర్థము నాకు చాల కాలమునకు గాని తెలియలేదు.

2018 మే నెలలో మా చిన్నమ్మాయి నన్ను నీలగిరులకు పిలిపించుకొనెను. ఆమె అక్కడ నర్సుగా పనిచేయుచుండెను. ఊటీలో ప్రభుత్వ వృక్షశాస్త్ర తోటయందు ప్రతి మే నెలలో పుష్ప ప్రదర్శన జరుగును. దానికి నన్ను తీసికొని పోయెను. అక్కడ నేను డెల్ఫీనియం అను పువ్వును చూచితిని. మనిషి భుజమంత ఎత్తున నిలువుగా లేచిన కంకి, ఆ కంకి నిండ క్రిందినుండి మీది వరకు నీలి పువ్వులు. వాన వెలిసిన తరువాత సముద్రము మీద ఆకాశము ఎట్టి నీలముగా ఉండునో అట్టి నీలము. ఒక్కొక్క మొగ్గ వెనుక చిన్న తోక ఉండును. ఆ మొగ్గ ఆకారమును చూచి గ్రీకువారు సముద్రములోని డాల్ఫిను పేరును దానికి పెట్టిరట. మన మత్స్యకార సహోదరులు ఎగిరిపడు ఆ జంతువును ఎరుగుదురు.

నేను ఆ పువ్వు ముందు చాల సేపు నిలిచితిని. నా హృదయములో కలిగిన తలంపును దాచక చెప్పుదును. “ఈ పువ్వు మా మందిరపు బల్ల మీద ఉండవలెను. ఇట్టిది మా జిల్లాలో ఏ సంఘమునకును ఉండదు” అని తలంచితిని. దేవుని మహిమ కొరకే అని నాలో నేను చెప్పుకొంటిని. అయితే ఆ మాటలో దేవుడు ఎంత, నేను ఎంత అని అప్పుడు విచారించుకొనలేదు. రెండు పొట్లముల విత్తనములు కొని ఇంటికి వచ్చితిని.

ఈ మొక్క స్వభావమును మీకు చెప్పవలెను. ఇది చల్లని దేశములది. హిమాలయ పర్వతములయందు దీని జాతులు అడవిలో వాటంతట అవే పెరుగును. మన నల్లజీలకర్ర మొక్క దీని కుటుంబములోనిదే. ఊటీ సముద్రమట్టమునకు సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉన్నది గనుక అక్కడ ఇది సుఖముగా ఉండును. దీని విత్తనము వేడికి త్వరగా చచ్చిపోవును. కొత్త విత్తనమే తీసికొని, విత్తు వరకు మూత గట్టిగా ఉన్న సీసాలో చలిపెట్టెయందు ఉంచవలెను. నేల చల్లగా ఉన్ననే గాని మొలవదు. మొలచుటకు రెండు మూడు వారములు పట్టును. నీరు నిలిచినయెడల మొదలు కుళ్ళును. నీరు లేనియెడల వాడును. గాలికి కంకి విరుగును గనుక వెదురుపుల్ల పాతి కట్టవలెను. నత్తలు లేత ఆకును తినివేయును, ఆకు మీద బూడిద తెగులు వచ్చును. మరియు ముఖ్యముగా గుర్తుంచుకొనుడి: ఈ మొక్క ఆకు, కాడ, గింజ అన్నియు విషము. పశువులు మేసిన చచ్చును. ఆవులు, మేకలు, చిన్నపిల్లలు తిరుగు చోట దీనిని పెట్టరాదు.

ఇవి యేవియు ఎరుగక నేను మొదటి పొట్లమును జూన్ నెలలో, తొలకరి పడగానే, బంతి విత్తనము చల్లినట్లు మడిలో చల్లితిని. నాలుగు మొలచెను. ఆ నాలుగును నారుకుళ్ళుతో వారము తిరుగక ముందే నేలకు ఒరిగెను. అప్పుడు మా అమ్మాయి ఫోనులో అడిగి తెలిసికొని పైన వ్రాసిన సంగతులన్నియు నాకు చెప్పెను. రెండవ పొట్లమును చలిపెట్టెలో భద్రపరచితిని. సెప్టెంబరులో ఆరు కుండీలు తెచ్చి, ఇసుక, ఎఱ్ఱమన్ను, బాగుగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి నింపితిని. విత్తనములు వేసి, పైన పలుచగా మన్ను చల్లి, తడి గోనె కప్పి, వసారా చల్లదనములో ఉంచితిని. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము గోనె తడుపుచుంటిని. వేకువ ప్రార్థన ఒక్కొక్క దినము తప్పెను గాని గోనె తడుపుట ఒక్క దినమును తప్పలేదు. యాబది విత్తనములలో తొమ్మిది మొలచెను. ఆ తొమ్మిదింటిని చూచుకొని నేను పొందిన సంతోషము ఇంతంత కాదు.

తూర్పు గోడ వెంబడి నా భార్య చేమంతులు అప్పటికి మోకాలెత్తు పెరిగియుండెను. వాటికి కలుపు తీయలేదు, కాలువ తీయలేదు. ప్రతి యేట ఆమె గట్టు కట్టి నీరు నిలువకుండ చేయుచుండెడిది. నాకు తీరిక లేకపోయెను.

అక్టోబరు 10వ తేదీన తుపాను వచ్చుచున్నదని దండోరా వేసిరి. దానికి తిత్లీ అని పేరు. తాటాకు ఇండ్లవారు, పల్లములో ఉన్నవారు బడికి వెళ్ళవలెనని చెప్పిరి. నేను వెంటనే చేసిన పని యేమనగా, కుండీలు ఆరింటిని ముందుగదిలోనికి మోసితిని. గోడకు తగులకుండ, ఒకదాని మీద ఒకటి పడకుండ, గది నడుమ ఎడమెడముగా పరచితిని. చుట్టు ఇటుకలు పేర్చితిని.

చీకటి పడువేళ మా పొరుగింటి ముసలమ్మ గుమ్మము నొద్దకు వచ్చెను. ఆమె విధవరాలు. తల్లిదండ్రులు పనికై దూరదేశము వెళ్ళిన మనుమని పెంచుకొనుచున్నది. మా సంఘములోని బిడ్డ. ఇల్లు తాటాకుది.

“మేస్టరు బాబూ, గాలి పెద్దదొస్తాదంటన్నారు. గుంటడికి ఒళ్ళు వెచ్చగా ఉంది. ఈ రాత్రికి మీ ముందుగదిలో పడుకోమా?” అని అడిగెను.

నేను గదివైపు చూచితిని. కుండీలు కనబడెను. “బడిలో అయితే అందరూ ఉంటారమ్మా. అధికారులు అక్కడికే వెళ్ళమన్నారు గదా. అదే మంచిది” అంటిని.

“అలాగే బాబూ” అని ఆమె వెళ్ళిపోయెను. ఒక్క మాటయైనను అధికముగా పలుకలేదు.

చదువరులారా, నేను చెప్పినది అబద్ధము కాదు. అధికారులు బడికే వెళ్ళమనిరి. సత్యమైన మాటతో మూయబడిన తలుపు అబద్ధముతో మూయబడిన దాని కంటె గట్టిగా బిగియునని ఆ రాత్రి నేర్చుకొనవలసినది. నేర్చుకొనలేదు.

తెల్లవారుజామున, 11వ తేదీన, ఆ తుపాను పలాసకు సమీపమున తీరము దాటెను. ఉద్దానమువారికి ఆ ఉదయమును గూర్చి నేను చెప్పనక్కరలేదు. తాతలు నాటిన కొబ్బరిచెట్లు తలలు తెగి, వేళ్ళతో లేచి, ఒకదాని మీద ఒకటి పడియుండెను. జీడితోటలు నేలమట్టమాయెను. ఎన్నో దినములు విద్యుత్తు లేదు. త్రాగునీటికి జనులు బిందెలతో నడచిరి. మా పొరుగింటి పైకప్పు మా పెరటిలో పడియుండెను. బడి కిటికీలలోనుండి జల్లు కొట్టగా ఆ ముసలమ్మ తన చీర కొంగును మనుమని మీద కప్పి రాత్రియంతయు కూర్చుండెనని తరువాత వింటిని. పిల్లవాని జ్వరము పది దినములకు తగ్గెను.

మా పెరటిలో నీరు నాలుగు దినములు నిలిచెను. చేమంతి అన్నిటిని ఓర్చును గాని వేరు క్రింద నిలిచిన నీటిని ఓర్వలేదు. నా భార్య చేతితో నాటిన వరుస అంతయు నల్లబడి కుళ్ళిపోయెను. ఒక్క పిలకయు మిగులలేదు. ముందుగదిలోని తొమ్మిది మొక్కలలో ఒక్కటైనను చావలేదు. నేను దేవునికి కృతజ్ఞతలు చెల్లించితిని! దేనికొరకు చెల్లించితినో ఇప్పుడు తలంచుకొన్నప్పుడు తల వంచుకొనుచున్నాను.

ఆ క్రిస్మసునకు మా మందిరపు బల్ల మీద పువ్వులు లేవు. శీతకాలపు చలిలో నా మొక్కలు పెరిగెను. అయిదు మిగిలెను. 2019 ఫిబ్రవరి చివర ఒకదానికి కంకి వచ్చెను. ఊటీలో చూచినంత ఎత్తు కాదు, రెండడుగులు మాత్రమే. అయినను నీలము ఆ నీలమే. ఆదివారమున కుండీతోనే మందిరమునకు మోసికొని పోయి బల్ల ప్రక్కన పెట్టితిని. ఆరాధన ముగియగానే అందరును చుట్టు మూగిరి. నేను వారికి ఆ పువ్వు పేరు, దేశము, గుణము వివరించుచుంటిని. నా ఆనందము నిండిపోయెను.

ఆ ముసలమ్మ మనుమడు ముందుకు వచ్చి చేయి చాచగా, “ముట్టకురా, విషము” అంటిని. వాడు చేయి వెనుకకు తీసికొని, పువ్వునే చూచుచు, “తాతా, గాలివాన నాడు ఈ మొక్క ఎక్కడుంది?” అని అడిగెను.

“మా ముందుగదిలో ఉంది” అంటిని.

“ఓహో” అని వాడు పలికి, ఆడుకొనుటకు వెళ్ళిపోయెను. వాని మనస్సులో ఏ నిందయు లేదు. తెలిసికొనగోరి అడిగెను, తెలిసికొని వెళ్ళెను. కాని నా నోట తరువాతి మాట రాలేదు. అక్కడ నిలిచినవారిలో ఆ ముసలమ్మయు ఉండెను. ఆమె నేలవైపు చూచుచుండెను.

మార్చి నెలలో ఎండ ముదిరెను. పడమటి గాలి వీచిన పది దినములలో ఆకులు పసుపుబారి, కాడలు వడలి, అయిదు మొక్కలును పోయెను. గింజ కట్టలేదు. సరిగా ఆ దినములలోనే మా కుటుంబ ప్రార్థన వరుసలో యోనా గ్రంథము వచ్చెను. ఇంటిలో నేనొక్కడనే గనుక నాకు నేనే చదువుకొంటిని. ఒక రాత్రిలో పెరిగిన చెట్టు, దాని నీడకు ప్రవక్త పొందిన సంతోషము, పురుగు, వేడిగాలి, ఎండ, చెట్టు కొరకు ప్రవక్త పడిన దుఃఖము. తరువాత దేవుడు అతనిని అడిగిన ప్రశ్న. నీవు కష్టపడి పెంచని చెట్టు మీద నీకింత కనికరము ఉండగా, ఇంతమంది మనుష్యులున్న పట్టణము మీద నాకు ఉండకూడదా అనునదియే గదా దాని భావము. ఆ పుస్తకము ఆ ప్రశ్నతోనే ముగియును. యోనా ఏమని ఉత్తరమిచ్చెనో వ్రాయబడలేదు. ఆ ఉత్తరము చదువరి చెప్పవలసినదని నాకు ఆ దినమున తోచెను.

మరియొక తలంపును వచ్చెను. 1875వ సంవత్సరమున కెనడా దేశపు బాప్టిస్టు మిషనరీలు మన తెలుగు తీరమునకు వచ్చిరి. తరువాత బొబ్బిలిలోను, శ్రీకాకుళములోను, టెక్కలిలోను వారి పని స్థిరపడెను. వారి దేశము చల్లనిది. ఈ డెల్ఫీనియం అక్కడ ఇంటి గుమ్మముల యొద్దనే సులువుగా పూయును. వారు ఆ గుమ్మములను విడిచి, మన యెండలోనికి వచ్చి, మన భాష నేర్చుకొని, మన మధ్య తమవారిని పాతిపెట్టుకొనిరి. వారు మనుష్యుల కొరకు ఆ పువ్వును విడిచిరి. నేను ఆ పువ్వు కొరకు మనుష్యులను విడిచితిని.

అంత తెలిసినను నేను ఆమె గుమ్మమునకు వెళ్ళలేదు. పది అడుగుల దూరము. ఒప్పుకొనవలెనని తీర్మానించుకొని, రేపు అని వాయిదా వేయుట మీకును అనుభవమే గదా.

నేను వెళ్ళకపోగా ఆమెయే వచ్చెను. 2019 జూన్ నెలలో, మొదటి వాన పడిన మరునాడు, కొబ్బరిమట్ట తట్టలో ఇరువది పిలకలు పెట్టుకొని వచ్చెను.

“మీ పెరట్లో సేమంతులు పోయాయి గదా బాబూ. ఇవి అమ్మగారు నాకిచ్చిన మొక్కే. మా ఇల్లు మెరక మీదుంది, నీరు నిలవలేదు. ఇవి బతికాయి. అమ్మగారి వరుస ఖాళీగా ఉంటే నాకు సూడబుద్ధి కావటం లేదు” అనెను.

నా భార్య నవ్వునకు అర్థము అప్పుడు తెలిసెను. దాచుకొనినవన్నియు నీటిలో పోయెను. ఇచ్చివేసినది మిగిలి, తిరిగి మా యింటికి నడచి వచ్చెను. గోధుమగింజను గూర్చి ప్రభువు చెప్పిన మాట నేను బడిలో ఎన్ని మారులు బోధించితినో! అది నా పెరటిలో నెరవేరియుండగా కన్నులు తెరచి చూడలేదు.

ఆ పిలకలను నాటితిని. ఈ మారు గట్టు ఎత్తుగా పోసి, ప్రక్కన కాలువ తీసి, మొక్కకు మొక్కకు ఒక అడుగు ఎడము పెట్టితిని. నెల దినములకు ఆమె వచ్చి తలలు త్రుంచవలెనని చూపెను. తల త్రుంచినయెడల ప్రక్క కొమ్మలు వచ్చి పువ్వులు ఎక్కువగును. పేనుబంక పట్టగా సబ్బునీటిలో కొంచెము వేపనూనె కలిపి చల్లితిని. మొక్కలు గుబురుగా, పచ్చగా పెరిగెను. కాని డిసెంబరు వచ్చినను మొగ్గ లేదు! ఆమె యింటి ముందర అదే మొక్క పసుపు ముద్దగా పూసియుండెను. నావి ఆకులే.

ఇక ఉండబట్టక, ఒక సాయంకాలము ఆమె యింటికి వెళ్ళితిని. అంత దగ్గర ఇంటిలో నేను అంతవరకు కూర్చుండలేదని అప్పుడు గాని గుర్తు రాలేదు. ఆమె చాప వేసి, టీ పెట్టి, నా మాట విని, “మీ పెరట్లో రాత్రంతా లైటు ఎలుగుతాది గదా బాబూ. సేమంతికి సీకటి గావాల. సీకటి లేకపోతే మొగ్గ కట్టదు” అనెను.

నిజమే. తుపాను తరువాత విద్యుత్తు వచ్చిన దినమునుండి, ఒంటరితనము వలని భయముతో, పెరటిలో పెద్ద బల్బు తెల్లవారువరకు వెలిగించుకొనుచుంటిని. పగటి పొడవును బట్టి మొక్కలు పూయుకాలము మారునని 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. చేమంతికి రాత్రులు దీర్ఘమైనప్పుడే మొగ్గ పుట్టును. ఆ రాత్రి నడుమ దీపము వెలిగిన యెడల అది ఇంకను వేసవియే అనుకొని ఆకులే వేయును. అక్షరము రాని ఆ తల్లి ఈ సంగతిని తన గుమ్మము నొద్ద చూచి నేర్చుకొనెను.

ఆ చాప మీద కూర్చుండి, టీ గ్లాసు క్రింద పెట్టి, నేను చెప్పితిని. “అమ్మా, గాలివాన రాత్రి మీకు చోటు లేదన్నట్టు పంపించాను. చోటు ఉంది. మొక్కలు పెట్టుకున్నాను. నన్ను క్షమించు.”

ఆమె కొంతసేపు మాటలాడలేదు. “నాకు తెలుసు బాబూ. గుమ్మంలోంచి కుండీలు అగుపడ్డాయి” అనెను. మరల కొంత ఆగి, “అప్పుడు మనసు నొచ్చింది. పిలకలు తవ్విన రోజున పోయింది” అనెను.

ఆమెకు అన్నియు తెలిసియుండియు పిలకలు తెచ్చెను. నేను అడుగక ముందే క్షమించెను. క్షమాపణను గూర్చి నేను విన్న ప్రసంగములు లెక్కలేనన్ని. నేను చూచిన క్షమాపణ ఆ కొబ్బరిమట్ట తట్ట.

ఆ రాత్రి దీపము ఆర్పితిని. మొదట నిద్ర పట్టలేదు. పొరుగింటిలో ఆమె దగ్గు, పిల్లవాని పలవరింత వినబడెను. ఒంటరిని కానని తెలిసి నిద్రపోతిని. ఆ యేడు క్రిస్మసునకు నా మొక్కలు పూయలేదు, ఆలస్యమాయెను. ఆమె పువ్వులే మందిరమునకు వెళ్ళెను. మరుసటి యేట, 2020 డిసెంబరులో, మా యిద్దరి బుట్టలును కలిసి వెళ్ళెను.

మీలో ఎవరికైనను డెల్ఫీనియం పెంచవలెనని కోరిక ఉన్నయెడల నేను వద్దనను. దేవుడు చేసిన అందమైన పువ్వు అది. అరకు వంటి ఎత్తయిన చోట ఉన్నవారికి ఎక్కువ అనుకూలము. మైదానమున ఉన్నవారు దాని చుట్టమైన లార్క్‌స్పర్ అను ఒక్క యేటి మొక్కను పెంచుట మేలు. అది కొంత ఓర్పు గలది. వానలు వెనుకబట్టిన తరువాత, నవంబరులో, నారుమార్పిడి లేకుండ ఉండవలసిన చోటనే విత్తుడి. అదియు విషమే గనుక కంచె లోపల ఉంచుడి. వేసవి రాగానే అది పోవును, దానికి దుఃఖపడకుడి.

నీలిపువ్వు మీద మనస్సు పడినవారికి ఇంకొక మాట. పువ్వులకు ఈ రంగు నిచ్చు పదార్థములలో ఒకదానికి డెల్ఫినిడిన్ అని ఈ పువ్వు పేరే పెట్టిరి. ఆ పదార్థమే మన వంకాయ తొక్కలోను, మన కంచెల మీద పాకు శంఖుపువ్వులోను ఉన్నదని చెప్పుదురు. నేను రెండు వేల మీటర్ల ఎత్తెక్కి తెచ్చుకొనిన నీలము నా కంచె మీదనే ఉండెను. ప్రతి ఉదయము దానిని దాటి వెళ్ళి గోనె తడిపితిని. పొరుగున ఉన్న మనిషిని దాటిపోయినట్లే దానిని దాటిపోతిని.

2021 సెప్టెంబరు 26వ తేదీ సాయంకాలమున గులాబ్ అను తుపాను కళింగపట్నమునకు ఉత్తరముగా తీరము దాటెను. మధ్యాహ్నమే నేను వెళ్ళి ఆ ముసలమ్మను, మనుమని, వారి మేకను, బియ్యపు డబ్బాను తెచ్చితిని. ముందుగదిలో చాపలు పరచితిని. మేక వసారాలో కట్టబడెను. గాలి కొట్టుచుండగా ముగ్గురము కీర్తన పాడుకొంటిమి; పిల్లవాడు నడుమనే నిద్రపోయెను. చేమంతులు పెరటిలోనే ఉండెను. వాటిని గూర్చి నాకు చింత లేదు. ఆ వేసవిలో మా సంఘములోని పదునొకండు ఇండ్లకు పిలకలు ఇచ్చియుంటిమి. ఒకచోట పోయిన, ఇంకొకచోట ఉండును.

తెల్లవారిన తరువాత గుమ్మములో నిలిచి చూడగా, వరుసలో సగము ఒరిగియుండెను. పిల్లవాడు కన్నులు నులుముకొనుచు వచ్చి, “తాతా, కుండీలేవి?” అని అడిగెను.

“లేవురా. ఈ గదిలో ఇక కుండీలు పెట్టను” అంటిని.

ప్రియ చదువరీ, బెత్లెహేములో ఆ రాత్రి సత్రపువాడు దుర్మార్గుడని ఎక్కడను వ్రాయబడలేదు. చోటు లేదని మాత్రమే వ్రాయబడినది. నీ ముందుగదిలో ఏమి పరచియున్నది? అది చెడ్డది కానక్కరలేదు. పువ్వే కావచ్చును, దేవుని పేరట పెంచిన పువ్వే కావచ్చును. తుపాను కాలము మరల వచ్చును. దండోరా వేయక ముందే లేచి, గదిని ఒకసారి చూచుకొనుము.

ప్రార్థన: ప్రభువా, మా పెరళ్ళలో నీవు ఉంచిన వాటిని చూచు కన్నులను, అడిగినవారికి ఇచ్చు చేతులను మాకు దయచేయుము. పొరుగువాడు గుమ్మమున నిలిచినప్పుడు మా గదిలో చోటుండునట్లు చేయుము. ఆమేన్.